'రాదు' అని చెప్పడం వచ్చు!

స్పానిష్‌లో ఎవరైనా మొట్టమొదట నేర్చుకునే వాక్యాల్లో ఒకటి 'నో ఆబ్లో ఎస్పన్యోల్'. నేను స్పానిష్ మాట్లాడను అని అర్థం. ఆ భాష రాదన్న సంగతి ఆ భాషలోనే చెప్పడమన్నమాట! కాస్త స్పష్టంగా పలికామా, ఇక అంతే. రాదంటూనే ఇంత చక్కగా చెబుతోందే అనుకుని ఎదుటివాళ్లు మరో నాలుగు వాక్యాలు గబగబా కురిపించేస్తారు. అప్పుడు నిజంగానే నీళ్లు నమలాలి.

అమెరికాలో, అందులోనూ టెక్సాస్ వైపు వెళ్లొచ్చిన తెలుగువాళ్లకి ఇది మామూలే. మా అక్కావాళ్లు శాన్ ఆంటోనియోలో ఉంటారు. ఆ ఊళ్లో సగానికి పైగా లాటినో కుటుంబాలే. మన చామనఛాయ, నల్లజుట్టు చూసి మనమూ ఆ బాపతేననుకుంటారు. కూరగాయల దుకాణంలో, బస్సులో, పార్కులో... పలకరింపు స్పానిష్‌లోనే. అక్క దగ్గర ఆరు నెలలుండటానికి వెళ్లిన అమ్మని అయితే అందరూ 'సెన్యోరా' అనేవారు. అమ్మ నిశ్చింతగా తెలుగులో జవాబు చెప్పేది. వాళ్లూ తలూపి వెళ్లిపోయేవారు. ఏం అర్థమయ్యేదో ఏమో!

నాకు ఆ ధైర్యం లేదు. అందుకే పుస్తకం పట్టుకున్నాను. భాష మొత్తం సంగతి అటుంచితే, 'నీకు మా భాష వచ్చా?' అని అడగటానికీ, 'వచ్చు', 'రాదు', 'కొంచెం వచ్చు' అని చెప్పడానికీ వాడే నాలుగైదు మాటల దగ్గరే నేను చాలా రోజులు ఆగిపోయాను. పైకి చూస్తే పర్యాటకుల కోసం అచ్చేసే చిట్టిపొట్టి వాక్యాలవి. తవ్వితే ఒక్కోదాని కింద బోలెడంత కథ ఉంది.

ముందు 'ఆబ్లార్' అన్న క్రియ. మాట్లాడటం అని అర్థం. రాసేటప్పుడు ముందు 'హ' అక్షరం ఉంటుంది కానీ పలకరు. ఒకప్పుడు లాటిన్‌లో ఇది 'ఫాబులారి'. అంటే కథలు చెప్పుకోవడం, కబుర్లాడటం. ఆ 'ఫ' కాస్తా కాలక్రమంలో 'హ' అయింది. తర్వాత అదీ ఊపిరిలో కలిసిపోయి అక్షరం మాత్రం మిగిలింది. పక్కనున్న పోర్చుగీసువాళ్లు మాత్రం 'ఫ'ని వదల్లేదు, 'ఫలార్' అంటారు. ఇంగ్లిష్‌లో నీతికథని 'ఫేబుల్' అంటాం కదా, అదీ ఈ వంశంలోదే. స్పానిష్‌వాళ్లకి మాట్లాడటమంటే కథలు చెప్పుకోవడమైతే, మనకేమో మాటలతో ఆడుకోవడం. మాటలు, ఆడు... రెండూ కలిస్తేనే కదా 'మాట్లాడు'!

ఇంగ్లిష్ మీదుగా స్పానిష్ నేర్చుకునేవాళ్లు క్రియాపదాల పట్టికలు చూసి హడలిపోతారు. 'ఆబ్లో' అంటే మాట్లాడతాను. 'ఆబ్లాస్' అంటే మాట్లాడతావు. 'ఆబ్లామోస్' అంటే మాట్లాడతాం. నేను, నువ్వు అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియ తోకలోనే మనిషి ఉంటాడు. దీనికింత హడావుడి ఎందుకో తెలుగువాళ్లకి అర్థం కాదు. మనం పుట్టినప్పట్నుంచీ చేస్తున్న పని అదే కదా. మర్యాద విషయంలోనూ అంతే. చనువున్నవాళ్లని 'ఆబ్లాస్ ఎస్పన్యోల్?' అనాలి. పెద్దవాళ్లనీ, కొత్తవాళ్లనీ 'ఆబ్లా ఉస్తేద్ ఎస్పన్యోల్?' అని అడగాలి. ఈ 'ఉస్తేద్' ఒకప్పటి 'వుయెస్త్రా మెర్సెద్' అరిగి అరిగి మిగిలిన ముక్క. 'తమరి దయ' అని దానర్థం. మన 'ఏలినవారు' లాంటిదన్నమాట. ఇంగ్లిష్‌లో రాజుగారికీ రిక్షావాలాకీ ఒకటే 'యూ'. ఇక్కడ అలా కుదరదు. కొలంబియాలో కొన్నిచోట్లయితే భార్యాభర్తలు కూడా ఒకరినొకరు 'ఉస్తేద్' అనుకుంటారు. ఇద్దరూ! మన ఇళ్లల్లో 'ఏమండీ' ఎప్పుడూ ఒకవైపు నుంచే వినిపిస్తుంది మరి.

ఇక్కడిదాకా అంతా మన ఇంటి సంగతిలాగే ఉంది. ఒక్కచోట మాత్రం దారులు విడిపోతాయి. మనం 'నాకు స్పానిష్ వచ్చు' అంటాం. మనం చేసేదేం లేదు, భాషే నడుచుకుంటూ మన దగ్గరికి వస్తుంది. రాకపోతే 'రాదు', అందులో మన తప్పు లేదు. స్పానిష్‌లో అలా కాదు. 'ఆబ్లో', మాట్లాడతాను. 'నో ఆబ్లో', మాట్లాడను. రాక మాట్లాడటం లేదా, ఇష్టం లేక మాట్లాడటం లేదా? ఆ వాక్యం ఏమీ చెప్పదు. రెండింటికీ అదే మాట. 'రాదు' వేరు, 'మాట్లాడను' వేరు అని విడదీసి చెప్పుకునే సౌకర్యం మనకుంది. ఈ తేడాని కాస్త గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పనిపడుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లని ఆదుకునే మాటలు మరికొన్ని ఉన్నాయి. 'ఉన్ పోకీతో' అంటే 'రవ్వంత'. 'పోకో' అంటే కొంచెం, దాన్ని ముద్దు చేస్తే 'పోకీతో'. 'నో ఎంతియెందో' అంటే అర్థం కాలేదు. 'మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్' అంటే 'ఇంకా మెల్లగా, దయచేసి'. 2017లో ప్రపంచాన్ని ఊపేసిన 'దెస్పసీతో' పాట గుర్తుందా? ఈ 'దెస్పాసియో'నే ముద్దుచేస్తే అదవుతుంది. మన దగ్గర పెళ్లి ఊరేగింపుల్లో ఆ పాటకి చిందులేసినవాళ్లెవరికీ అందులో 'మెల్లగా' అనే మాట ఉందని తెలిసి ఉండదు. అన్నింటికన్నా నాకు నచ్చిన వాక్యం 'కోమో సే దీసే?' దీన్నేమంటారు అని. ఏ వస్తువునైనా చూపించి ఈ మూడు ముక్కలూ అంటే చాలు, ఎదుటి మనిషి మాస్టారైపోతాడు. టెక్సాస్‌లో దుకాణాల అద్దాల మీద 'సే ఆబ్లా ఎస్పన్యోల్' అని కనిపిస్తుంటుంది. ఇంగ్లిష్‌వాళ్లు 'ఇక్కడ మేం స్పానిష్ మాట్లాడతాం' అని తిప్పుకుంటారు. కానీ ఆ వాక్యంలో 'మేం' లేదు. మన భాషలో సరిగ్గా చెప్పాలంటే 'ఇచ్చట స్పానిష్ మాట్లాడబడును'! ఇచ్చట సైకిళ్లు అద్దెకివ్వబడును అన్న బోర్డులు చదివి పెరిగినవాళ్లకి తప్ప దాని రుచి ఇంకెవరికి తెలుస్తుంది?

మాటకారితనం గురించీ వాళ్లకి భలే నుడికారాలున్నాయి. వాగుడుకాయని 'మోచేతులతో కూడా మాట్లాడతాడు' అంటారు. నాలుక మీద వెంట్రుకలు లేవంటే, ఉన్నదున్నట్టు మొహం మీదే చెప్పేస్తాడని. మనం 'నరంలేని నాలుక' అంటే ఎటైనా తిరుగుతుందని కదా అర్థం. అక్కడ వెంట్రుక లేకపోతే నిజాయతీ, ఇక్కడ నరం లేకపోతే అనుమానం!

ఇంతకీ ఆ భాష పేరేమిటి? మనం స్పానిష్ అంటాం, వాళ్లు 'ఎస్పన్యోల్' అంటారు. కానీ అర్జెంటీనాలో, పెరూలో చాలామంది 'కాస్తెయానో' అంటారు. స్పెయిన్ మధ్యనున్న కాస్తీయా ప్రాంతపు భాష అని అర్థం. స్పెయిన్ 1978లో రాసుకున్న రాజ్యాంగంలోనూ అధికార భాష పేరు కాస్తెయానోయే. కాటలాన్, బాస్క్, గలీసియన్ మాట్లాడేవాళ్లు 'మావీ స్పెయిన్ భాషలేగా, ఆ ఒక్కదానికే దేశం పేరెందుకు?' అంటారు. వాళ్ల బాధకి కారణం ఉంది. 1939 నుంచి 1975 దాకా సాగిన ఫ్రాంకో పాలనలో ఆ భాషలకు బళ్లలో, ఆఫీసుల్లో చోటులేదు. అక్కడ ఎవరైనా కాటలాన్‌లో మాట్లాడితే వినిపించే గద్దింపు... 'ఆబ్లా ఎన్ క్రిస్తియానో!' క్రైస్తవుల భాషలో మాట్లాడు అని. అంటే మనుషులకి అర్థమయ్యే భాషలో ఏడువు అని! వాళ్లంతా క్రైస్తవులేనన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు. అర్థంకాని మాటని వెక్కిరించడానికి ప్రతి భాషకీ ఓ పొరుగువాడు కావాలి. స్పానిష్‌వాళ్లకి చైనా భాషలా వినిపిస్తుందట. మనకి అరవం ఉండనే ఉంది. ఆ వెక్కిరింపు ప్రభుత్వం చేతిలో పడితే మాత్రం నవ్వులాటగా మిగలదు.

స్పెయిన్‌లో అలా గద్దించిన ఆ భాషకే అట్లాంటిక్ దాటాక అదే గతి పట్టింది. టెక్సాస్ 1836 దాకా మెక్సికోలో భాగం. అక్కడి మెక్సికన్ కుటుంబాల్లో కొన్ని సరిహద్దు దాటి వచ్చినవి కావు, సరిహద్దే వాళ్లని దాటుకుని అవతలికి వెళ్లింది. 1918లో టెక్సాస్ శాసనసభ బళ్లలో ఇంగ్లిష్ తప్ప మరో భాషలో పాఠం చెప్పడాన్ని నేరం చేసింది. పైతరగతుల్లో విదేశీ భాషగా నేర్పడానికి మాత్రం మినహాయింపు. అంటే స్పానిష్‌ని పరాయిభాషగా చదువుకోవచ్చు, సొంతభాషగా మాట్లాడకూడదు. పిల్లలు మాట్లాడుతూ దొరికితే చెక్కబద్దతో దెబ్బలే.

శాన్ ఆంటోనియో నుంచి పడమరగా దాదాపు 400 మైళ్లు వెళితే మార్ఫా అనే చిన్న ఊరొస్తుంది. అక్కడ మెక్సికన్ పిల్లల కోసం విడిగా కట్టిన మట్టి ఇటుకల బడి ఒకటుంది, బ్లాక్‌వెల్ స్కూల్. 1909 నుంచి 1965 దాకా నడిచింది. 1954లో ఒకరోజు ఆ బళ్లో అంత్యక్రియలు జరిగాయి. పోయింది మనిషి కాదు... 'మిస్టర్ స్పానిష్'. టీచర్లు పిల్లలకి తలా ఓ కాగితం ముక్క ఇచ్చారు. బళ్లో స్పానిష్ మాట్లాడనని దానిమీద రాయించారు. ఆ కాగితాలన్నీ ఓ పెట్టెలో పెట్టించి, జెండా కర్ర దగ్గర గొయ్యి తీసి పాతిపెట్టించారు. ఇంటికెళ్తే అమ్మ మాట్లాడేది ఆ భాషే. అమ్మమ్మకి వచ్చింది ఆ భాషొక్కటే. ఆ సాయంత్రం ఆ పిల్లలు ఇంటికెళ్లి అన్నం ఏ భాషలో అడిగారో?

ఇది చదివినప్పుడు నాకు 2009 గుర్తొచ్చింది. ఆ ఏడాది కడప జిల్లా మైదుకూరులో ఓ బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీశారు. 'నేనెప్పుడూ తెలుగు మాట్లాడను' అని ఇంగ్లిష్‌లో రాసి మరీ! పత్రికల్లో, టీవీల్లో ఆ ఫొటోలు చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. మార్ఫాకీ మైదుకూరుకీ మధ్య 55 ఏళ్లూ, సముద్రాలూ ఉన్నాయి. రాయించిన వాక్యం మాత్రం అచ్చంగా ఒకటే. గమనించారా, రెండుచోట్లా 'రాదు' అని రాయించలేదు. 'మాట్లాడను' అనే రాయించారు. 'రాదు' అనేది ఆ తర్వాత, ఒకటి రెండు తరాలకి దానంతటదే వస్తుంది.

అలాగే వచ్చింది కూడా. బళ్లో దెబ్బలు తిన్నవాళ్లు తల్లిదండ్రులయ్యాక తమ పిల్లలకి ఆ బాధ వద్దనుకున్నారు. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడారు. వాళ్ల పిల్లలకి స్పానిష్ అర్థమవుతుంది కానీ నోట్లోంచి రాదు. ఇప్పుడు ఆ పిల్లలకి ఓ పేరు పెట్టారు, 'నో సాబో' పిల్లలని. 'నాకు తెలియదు' అనడానికి స్పానిష్‌లో 'నో సే' అనాలి. కానీ మామూలు సూత్రం ప్రకారం పోతే 'సాబో' అని రావాలి. పాపం పిల్లలు సూత్రాన్ని నమ్ముకుని 'నో సాబో' అంటారు. దాన్నే ఎగతాళి చేసి పేరుగా తగిలించేశారు. అమెరికాలో పెరిగే మన పిల్లలు 'నేను వస్తుంది' అంటే బంధువులంతా పగలబడి నవ్వుతారే... అలాగన్నమాట. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023లో వెలువరించిన సర్వేలో, స్పానిష్ సరిగా రాని లాటినోల్లో సగానికి పైగా అదే విషయం చెప్పారు. ఆ కారణంగా తోటి లాటినోలే తమని చిన్నబుచ్చారట. అమ్మ తరాన్ని మాట్లాడినందుకు కొట్టారు, పిల్లల తరాన్ని మాట్లాడనందుకు వెక్కిరిస్తున్నారు!

పెద్దపెద్దవాళ్లకీ ఇది తప్పలేదు. శాన్ ఆంటోనియోకి మేయర్‌గా చేసిన హూలియన్ కాస్ట్రో 2019లో అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడ్డారు. ఆ పోటీలో ఉన్న ఏకైక లాటినో ఆయనే. స్పానిష్ ధారాళంగా రాదు. తొలి చర్చలో ముందుగా స్పానిష్ అందుకున్నది ఐరిష్ మూలాలున్న బెటో ఓరూర్క్. ఇక అందరూ కాస్ట్రోని అడిగే ప్రశ్న ఒక్కటే, నీకెందుకు రాదు అని. తన ముందు తరాలు బళ్లో తిన్న దెబ్బల గురించి ఆయన పదేపదే చెప్పుకోవాల్సి వచ్చింది. అంతకుముందు సెలీనా ఉంది. టెక్సాస్‌లో పుట్టి, ఇంగ్లిష్ మాట్లాడుతూ పెరిగి, స్పానిష్ పాటల్ని శబ్దం పట్టి నేర్చుకుని పాడింది. మన పాటలు పాడే ఉత్తరాది గాయనుల్లాగే. కాకపోతే సెలీనాది ఆ భాషే! 1995లో 23 ఏళ్లకే హత్యకి గురయ్యేనాటికి మెక్సికో మొత్తం ఆమె పాటలకి ఊగిపోతోంది. ఇంటర్వ్యూల్లో తప్పులు మాట్లాడుతూనే నవ్వుతూ కొనసాగించేదట. జనం ఆ తప్పుల్నీ ప్రేమించారు.

మార్ఫాలోని ఆ బడి పూర్వవిద్యార్థులు 2007లో మళ్లీ కలుసుకున్నారు. తాము చిన్నప్పుడు పాతిపెట్టిన స్పానిష్‌ని లాంఛనంగా తవ్వి పైకి తీశారు. 2022లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి ఆ బడిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

మా అక్క కొడుక్కి పద్నాలుగేళ్లు. బళ్లో వాడి రెండో భాష స్పానిష్. అందులో వాడికన్నీ మంచి మార్కులే. తెలుగు సంగతి అడిగితే మాత్రం 'అండర్‌స్టాండ్ అవుతుంది పిన్నీ' అంటాడు. లాటినో ఇళ్లల్లో సరిగ్గా ఇదే వాక్యం ఉంది, 'లో ఎంతియెందో, పెరో నో లో ఆబ్లో'. అర్థమవుతుంది కానీ మాట్లాడను. వాడి స్నేహితుడొకడు వీధి చివర ఉంటాడు. మెక్సికో మూలాలున్న కుటుంబం. ఇంటిపేరు స్పానిష్, వంట స్పానిష్, నాయనమ్మ స్పానిష్. వాడు స్పానిష్ తరగతిలో చివరి బెంచీ. టీచరు ఏదైనా అడిగితే పెదవి విప్పడట. మావాడు తప్పు చెబితే 'పర్లేదు, ఇండియన్ కదా' అంటారు. వాడు చెబితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. అందుకని ఇద్దరూ కలిసి హోంవర్కు మా అక్కావాళ్లింట్లోనే చేసుకుంటారు. అక్కడ అమ్మ తప్ప చూసేవాళ్లెవరూ ఉండరు. అమ్మకి స్పానిష్ రాదు.

నేనక్కడున్న రోజుల్లో ఓ సాయంత్రం ఇద్దరికీ అమ్మ అన్నం పెట్టింది. ముద్దపప్పు, నెయ్యి, మనూరి నుంచి మోసుకెళ్లిన ఆవకాయ. అదేమిటని ఆ పిల్లాడు ఇంగ్లిష్‌లో అడిగితే మావాడు 'దాల్' అన్నాడు. "దాలూ గీలూ కాదురా" అంది అమ్మ. ఆ పిల్లాడు అమ్మవైపు తిరిగాడు. తరగతిలో నోరు విప్పనివాడు గిన్నెవైపు వేలు చూపించి 'కోమో సే దీసే?' అన్నాడు. అమ్మకి ఆ ముక్కలు తెలియవు. వేలు అర్థమైంది.

"పప్పు."

"పప్పు" అన్నాడు వాడు. ఇంగ్లిష్‌వాళ్లలా గాలి ఊదుతూ 'ఫఫు' అనలేదు. స్పానిష్ 'ప' మన 'ప' లాంటిదే, 'త', 'ద'లు కూడా అంతే. ఆ మాట ఇంట్లో విన్న నోరు కదా, అచ్చంగా మనింట్లో పిల్లాడు అన్నట్టే అన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. వరసపెట్టి అన్నం, నెయ్యి, ఆవకాయ... అన్నీ పలికించింది. వాడికో పేద్ద ఆవకాయ ముక్క వెయ్యబోతుంటే మావాడు గాభరాగా అడ్డుపడ్డాడు.

"అమ్మమ్మా, కొంచెం వెయ్యి. వాడు కారం తినలేదు."

తినలేడు అనాలి. అమ్మ దిద్దలేదు. చెంచా కొసతో రవ్వంత వేసింది. ఆ పిల్లాడు అన్నంలో కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, మావాణ్ని ఓసారి ఎగాదిగా చూసి కంచం ముందుకు జరిపాడు.

"మాస్."

ఏమంటున్నాడని అమ్మ ఎవర్నీ అడగలేదు. ఆ పెద్ద ముక్కే తీసి వేసింది.